పుట్టకముందు తగిలిన దెబ్బ



గ్రహణం పడుతోందని పంచాంగం చెప్పిందంటే, కడుపుతో ఉన్న ఆడపిల్లకు ఆ పూట ఇల్లే చెరసాల. తలుపులు మూస్తారు, కిటికీలకు దుప్పట్లు కడతారు. కత్తిపీట ముట్టుకోకూడదు. కూర తరగకూడదు, ఆకు తుంచకూడదు, సూదిలో దారం ఎక్కించకూడదు. కొన్ని ఇళ్లలో గ్రహణం విడిచేదాకా మంచం మీద వెల్లకిలా, కదలకుండా పడుకోవాలి. దాహమేసినా మంచినీళ్లు ఇవ్వరు. ఇదంతా లోపలి బిడ్డ కోసమే అంటారు. మాట వినకపోతే బిడ్డ పెదవి చీలి పుడుతుందని, గ్రహణం మొర్రి వస్తుందని భయం.

మొర్రితో పుట్టిన పిల్లల్ని చూసే ఓపీలో ఓ పూట కూర్చుంటే ఈ మాటలు చెవిన పడతాయి. డాక్టరు అడిగేది బిడ్డ బరువెంత, పాలెలా పడుతున్నారు అని. జవాబు మాత్రం పక్కనున్న అత్తగారి దగ్గర్నుంచి వస్తుంది. "చిలక్కి చెప్పినట్టు చెప్పామండీ. వింటేగా! గ్రహణం పూట వంకాయలు తరిగింది." తల్లి ఏమీ మాట్లాడదు. బిడ్డను ఒళ్లో కాస్త నిటారుగా పట్టుకుని ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పాలు పోస్తుంటుంది. ముక్కులోంచి తిరిగొచ్చిన పాలను కొంగుతో తుడుస్తుంటుంది. "ఎన్నో నెలలోనమ్మా గ్రహణం?" అని డాక్టరు ఆమెనే అడిగితే, "ఐదో నెల వెళ్లాక" అంటుంది గొంతు పెగుల్చుకుని.

లెక్క అక్కడే తేలిపోయింది. పై పెదవి రెండు పక్కల నుంచీ వచ్చి కలిసే పని గర్భం వచ్చిన ఏడో వారానికల్లా పూర్తయిపోతుంది. అంగిలి ఆ తర్వాత కొద్ది వారాల్లో మూసుకుంటుంది. అంటే వంకాయలు తరిగిన నాటికి ఆ పెదవి సంగతి ఎప్పుడో తేలిపోయింది. అసలు ఆ చీలిక ఏర్పడే రోజుల్లో ఆ అమ్మాయికి నెల తప్పిందన్న సంగతే రూఢి అయి ఉండకపోవచ్చు. వంశంలో వచ్చే జన్యువుల పాలు కొంత ఉంటుంది. పొగ, అదుపులో లేని చక్కెర జబ్బు, మూర్ఛకు వాడే కొన్ని మందులు, ఇలాంటివి కొన్ని కారణాలు. చాలాసార్లు ఫలానా అని వేలు పెట్టి చూపించలేం. పెదవికి ఆపరేషన్ ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద గుర్తించి చికిత్స చేయించే లోపాల్లో ఇదొకటి. కుట్లు మానాక కొన్నేళ్లకు మచ్చ కూడా పెద్దగా కనపడదు. అత్తగారి మాట మాత్రం ఆ పిల్ల పెళ్లి దాకా నడుస్తుంది.

పుట్టకముందే బిడ్డకు హాని జరగవచ్చా? జరుగుతుంటే ఆ బిడ్డకు తెలుస్తుందా? దానికి జవాబుదారీ ఎవరు? ఇవి మూడు వేరువేరు ప్రశ్నలు. మన ఇళ్లలోనూ, ఒక్కోసారి కోర్టుల్లోనూ మూడింటినీ కలిపేసి మాట్లాడుతున్నాం. కలిపేసిన ప్రతిసారీ బరువంతా పోయి తల్లి మీద పడుతోంది. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే.

కడుపులో బిడ్డకు తెలివి ఉంటుందని నమ్మడానికి మనవాళ్లు ఎన్నడూ వెనకాడలేదు. ప్రహ్లాదుడు తల్లి గర్భంలో ఉండగానే నారదుడి బోధ విన్నాడు. అశ్వత్థామ అస్త్రం నుంచి తనను కాపాడిన వాణ్ని పరీక్షిత్తు లోపలి నుంచే చూశాడు. గర్భోపనిషత్తు ఏడో నెలలో జీవుడు చేరతాడంటుంది. ఇక అభిమన్యుడు. వ్యాసుడి భారతంలో, వ్యూహాన్ని ఛేదించి లోపలికి వెళ్లడం తన తండ్రి నేర్పాడనే అతను చెప్పుకుంటాడు. కడుపులో ఉండి విన్నాడన్నది జనం అల్లుకున్న కథ. ఎలా అల్లుకున్నారో చూడండి. కృష్ణుడు చెబుతున్నాడు, బిడ్డ ఊ కొడుతున్నాడు, ఈలోగా సుభద్రకు కునుకు పట్టింది, బయటికొచ్చే దారి చెప్పకుండానే కథ ఆగిపోయింది. కుర్రాణ్ని ఒక్కణ్ని చేసి అంతమంది మహారథులు చుట్టుముట్టి చంపితే, తప్పు ఎక్కడ జరిగిందా అని వెతుక్కుంటూ వెళ్లి చూలాలి నిద్ర దగ్గర ఆగాం!

అష్టావక్రుడి కథ అలా కాదు. అరణ్యపర్వంలో ఉంది. కహోడుడు అస్తమానం వేదం వల్లిస్తుంటాడు. భార్య సుజాత కడుపులో ఉన్న బిడ్డ, రాత్రంతా చదువుతున్నావు గానీ నాన్నా, సరిగ్గా రావడం లేదంటాడు. శిష్యుల ముందు పరువు పోయిందని తండ్రికి ఒళ్లు మండింది. వంకరలతో పుట్టమని శపించాడు. ఎనిమిది చోట్ల వంగి పుట్టాడు పిల్లవాడు. ఇక్కడ దెబ్బ తిన్నవాడెవరో, కొట్టినవాడెవరో కథ దాచలేదు. సుజాత ఏం తిన్నది, ఎటు తిరిగి పడుకుంది అని ఆరా తీయలేదు. ఆ తర్వాత కహోడుడు జనకుడి సభలో వాదంలో ఓడి నీటి పాలవుతాడు. పన్నెండేళ్ల కొడుకు వెళ్లి అదే సభలో గెలిచి తండ్రిని విడిపించుకొస్తాడు. అప్పుడు తండ్రి చెప్పగా సమంగా నదిలో మునిగితే ఆ వంకరలు పోతాయి. చెడగొట్టినవాడి చేతనే బాగు చేయించిన కథ ఇది. మనం ఇంటింటా చెప్పుకోవాల్సింది దీన్ని. చెప్పుకుంటున్నది సుభద్ర కునుకు.

సరే, పురాణాలు పక్కన పెడదాం. వైద్యం ఏమంటుంది?

ఆరో నెల దాటాక బిడ్డ బయటి చప్పుళ్లకు ఉలిక్కిపడుతుంది, గుండె వేగం మారుతుంది. 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పరిశోధకులు పుట్టి మూడు రోజులైనా నిండని పిల్లల నోట్లో పాలపీక పెట్టారు. చప్పరించే తీరును బట్టి టేపులో తల్లి గొంతు గానీ మరో ఆవిడ గొంతు గానీ వినపడేలా ఏర్పాటు చేశారు. పిల్లలు తల్లి గొంతే వచ్చేలా చప్పరింపు మార్చుకున్నారు. లోపల విన్నది గుర్తుందన్నమాట. అయితే విని గుర్తుపట్టడం వేరు, నొప్పి అనుభవించడం వేరు.

నొప్పి విషయంలో వైద్యరంగం తల దించుకోవాల్సిన సంగతి ఒకటుంది. 1980ల దాకా పాశ్చాత్య దేశాల్లో, పేరున్న ఆసుపత్రుల్లోనే, నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు ఆపరేషన్ చేసేటప్పుడు చాలాచోట్ల సరిపడా మత్తు ఇచ్చేవారు కాదు. కండరాలు కదలకుండా ఒక మందు, కాస్త నైట్రస్ ఆక్సైడ్, అంతే. ఛాతీ తెరిచి గుండె దగ్గరి రక్తనాళాన్ని కట్టే ఆపరేషన్‌కు కూడా! ఇంత పసిగుడ్డుకు నొప్పి తెలిసేంత మెదడెక్కడిదని ఒక సమాధానం, మత్తు ఇస్తే ప్రాణానికే ముప్పని ఇంకో సమాధానం. కదలలేని బిడ్డ ఏడవలేదు కూడా. ఏడవలేదు గనక నొప్పి లేదనుకున్నారు.

ఇందౌర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన డాక్టర్ కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్, ఆపరేషన్ గది నుంచి తిరిగొచ్చిన పిల్లలు పాలిపోయి, గుండె, ఊపిరి అదుపు తప్పి ఉండడం గమనించారు. వాళ్ల రక్తంలో ఒత్తిడి హార్మోన్లు కొలిచారు. 1987లో లాన్సెట్ పత్రికలో ఆయన బృందం పరిశోధన అచ్చయింది. ఫెంటనిల్ అనే నొప్పి మందు కలిపి ఇచ్చిన పిల్లల్లో ఆ హార్మోన్ల పోటు తగ్గింది, ఆపరేషన్ తర్వాతి చిక్కులూ తగ్గాయి. అదే ఏడాది అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం, పసికందులకూ మత్తు, నొప్పి మందు ఇవ్వాల్సిందేనని ప్రకటించింది. అంతవరకూ నొప్పి లేదన్నది ఊహ మాత్రమే. ఆ ఊహ వయసు దశాబ్దాలు.

ఇప్పుడు చిక్కు ప్రశ్న. 26 వారాలకే పుట్టి అద్దాల పెట్టెలో ఉన్న బిడ్డకు నొప్పి ఉంటుందని ఒప్పుకున్నాం. అవే 26 వారాల బిడ్డ ఇంకా లోపలే ఉంటే?

ఒంటి మీద తగిలినదాని కబురు వెన్నుపాము మీదుగా మెదడులోని థాలమస్‌కు, అక్కడి నుంచి పైపొర అయిన కార్టెక్స్‌కు చేరాలి. ఈ ఆఖరి మజిలీ దారులు పడేది సుమారు 24 వారాల ప్రాంతంలో. అంతకుముందు సూది తగిలి చెయ్యి వెనక్కి తీసుకున్నా అది వెన్నుపాము చేసిన పనే అంటారు. పైగా గర్భంలో ఆక్సిజన్ తక్కువగా ఉండడం వల్ల, మాయ నుంచి వచ్చే కొన్ని పదార్థాల వల్ల బిడ్డ ఒకరకం మత్తులోనే ఉంటుందని, అసలు మెలకువ పుట్టాకేనని ఒక వాదన. బ్రిటన్‌లోని ప్రసూతి, స్త్రీ వైద్యుల రాయల్ కాలేజీ 2022లో, 28 వారాల లోపు బిడ్డకు నొప్పి అనుభవం ఉండే అవకాశం తక్కువనే తేల్చింది. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. స్టూవర్ట్ డెర్బిషైర్ అనే శాస్త్రవేత్త గర్భస్రావ హక్కును సమర్థించే మనిషి. గర్భంలో నొప్పి ఉండదని ఏళ్ల తరబడి వాదించినవాడు. అంతకుముందే, 2020లో ఆయనే, గర్భస్రావం విషయంలో తనతో ఏకీభవించని మరొకరితో కలిసి, 24 వారాలకు ముందే ఏదో ఒక రూపంలో నొప్పి ఉండే వీలుందని రాశాడు. తన పక్షానికి ఇబ్బంది అయినా కనపడింది చెప్పాడు. అలాంటివాళ్లు ఈ చర్చలో అరుదు.

ఏడో నెల, 28 వారాలు దగ్గరదగ్గరగా పడ్డాయి గనక మన ఉపనిషత్తు ముందే చెప్పిందని మురిసిపోయేవాళ్లున్నారు. ఉపనిషత్తు మాట్లాడింది జీవుడి గురించి. కార్టెక్స్ దాకా నరాలు ఎప్పుడు చేరాయన్నది దాని లెక్క కాదు. ఆ పొగడ్త దానికి అక్కర్లేదు.

అనుమానం ఉన్నచోట మత్తు ఇవ్వడమే నాకు సబబుగా తోస్తుంది. గర్భంలో ఉండగానే బిడ్డ వెన్నుపూస చీలికను సరిచేసే ఆపరేషన్లు ఇప్పుడు జరుగుతున్నాయి. వాటిలో తల్లికి ఇచ్చే మత్తు సరిపోతుందని ఊరుకోరు, బిడ్డకు కూడా వేరుగా నొప్పి మందు ఇస్తారు. ఆ మందు ఖరీదు మన వాదోపవాదాల ఖరీదులో ఏ పాటిది?

ఇంతవరకూ చెప్పింది నొప్పి గురించి. హాని సంగతి వేరు.

థాలిడోమైడ్ అనే నిద్రమందు 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చింది. వేవిళ్లకూ వాడారు. 1961 చివర్లో దాన్ని వెనక్కి తీసుకునే లోపు ప్రపంచంలో పదివేల మందికి పైగా పిల్లలు దెబ్బతిన్నారు. చాలామంది కాళ్లు, చేతులు పొట్టిబడి పుట్టారు, కొందరు అసలు లేకుండా పుట్టారు. ఆ మందు దెబ్బ కొట్టేది గర్భం నిలిచిన 20వ రోజు నుంచి 36వ రోజు దాకా. అప్పటికి పిండం బియ్యపు గింజంత. మెదడు అనదగ్గది లేదు, స్పృహ మాట అసలే లేదు. ఆ రోజున ఎవరికీ ఏ నొప్పీ కలగలేదు. మరి అరవై ఏళ్లు దాటినా చొక్కా గుండీ తన చేత్తో పెట్టుకోలేని మనిషితో, నీకు హాని జరగలేదయ్యా, అప్పుడు నీకు తెలివి లేదుగా అనగలమా? దెబ్బ తగిలే వేళకు తెలివి ఉండక్కర్లేదు. ఆ దెబ్బను మోసే మనిషి తర్వాత ఉంటాడు.

జపాన్‌లోని మినమాతలో జరిగింది ఇంకా లోతైనది. చిస్సో కంపెనీ కార్ఖానా నుంచి సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లోకి, చేపల నుంచి జాలరి కుటుంబాల్లోకి చేరింది. 1956లో జబ్బు బయటపడింది. ఆ ఊళ్లలోనే కొందరు పిల్లలు పుట్టుకతోనే మెడ నిలపలేక, మాట రాక ఉన్నారు. వాళ్లు ఒక్క చేప ముక్క తిన్నది లేదు. తల్లులు చూస్తే పైకి బాగానే ఉన్నారు. విషాన్ని మాయ లోపలికి రానివ్వదన్నది ఆనాటి వైద్యుల నమ్మకం. కాబట్టి ఇదేదో వేరే జబ్బన్నారు. హరదా మసజుమి అనే యువ డాక్టరు మాత్రం ఇళ్లకు వెళ్లి తల్లుల మాట విన్నాడు. నేను తిన్న విషాన్ని నా బిడ్డ తీసుకుంది, అందుకే నేను బతికి బాగున్నాను అని ఒక తల్లి అన్నదట. 1962లో ఆ పిల్లలది కూడా మినమాత జబ్బేనని ఒప్పుకున్నారు.

ఆ తర్వాత దొరికిన రుజువు వింటే మనవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. మనం ఎండి రాలిన బొడ్డును వెండి తాయెత్తులో పెట్టి పిల్లవాడి మొలతాడుకు కడతాం. జపాన్‌లో దాన్ని చిన్న చెక్కపెట్టెలో పెట్టి, పుట్టినరోజు రాసి దాచుకుంటారు. హరదా ఆ పెట్టెలు తెరిపించాడు. ఏళ్ల నాటి ఎండిన బొడ్డు ముక్కల్లో పాదరసం కొలిపించాడు. కార్ఖానాలో ఉత్పత్తి పెరిగిన ఏళ్లలో పుట్టిన పిల్లల బొడ్డులో పాదరసం కూడా పెరిగి ఉంది. కంపెనీ పద్దు పిల్లల బొడ్డుపేగుల్లో రాసి ఉన్నట్టయింది.

ఇక్కడ విషం తల్లి నోటి ద్వారానే వెళ్లింది, ఆమె రక్తం ద్వారానే బిడ్డకు చేరింది. వంకాయ కథలా కల్పన కాదు, నిజంగా చేపే కారణం. అయినా ఎందుకు తిన్నావమ్మా అని ఆ తల్లిని ఎవరైనా అడిగితే మనకు ఒళ్లు మండుతుంది. దారి ఆమెలోంచి పోయినంత మాత్రాన నేరం ఆమెది కాదు. మన ఊళ్ల లెక్కలకు ఈ సూత్రం వర్తింపజేసి చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత. బిడ్డ తక్కువ బరువుతో పుట్టడానికి, నెలలు నిండకుండా పుట్టడానికి అదొక కారణం. ఇంటిల్లిపాదికీ వడ్డించి, అడుగున మిగిలింది తినే కోడలు ఐరన్ బిళ్ల మింగలేదని ఆశా కార్యకర్త ముందు ఆమెను కోప్పడతాం. కూర గిన్నె ముందు ఎవరి దగ్గరికి వెళ్లిందో అడగం.

మరి బిడ్డ అసలు పుట్టకుండానే గర్భం ఆగిపోతే అది హానేనా? ఇక్కడ దారి ఇరుకు. డాన్ మార్క్విస్ అనే అమెరికన్ తత్వవేత్త 1989లో ఒక వాదం చేశాడు. మనిషిని చంపడం తప్పెందుకంటే అతని ముందున్న బతుకంతా లాగేసుకుంటున్నాం గనక. పిండం ముందూ అలాంటి బతుకే ఉంది గదా అన్నాడు. మతం ఊసెత్తకుండా చేసిన వాదం. దీన్ని నేను తేలిగ్గా కొట్టిపారెయ్యను. కానీ పోగొట్టుకోవడానికంటూ ఒకరుండాలి. థాలిడోమైడ్ దెబ్బకు మోసే మనిషి మిగిలాడు. ఎనిమిది వారాల గర్భం పోతే ఆ వెలితి తెలిసేది తల్లికి. లోపల ఇంకా ఎవరూ మేలుకోలేదు. 26 వారాల దగ్గర ఇదే మాట ఇంత ధీమాగా అనలేను.

సరిగ్గా ఆ 26 వారాల దగ్గరే 2023 అక్టోబరులో మన సుప్రీంకోర్టు ఇరుకున పడింది. ఇద్దరు పిల్లల తల్లి, 27 ఏళ్లావిడ. కాన్పు తర్వాత వచ్చిన మానసిక కుంగుబాటుకు మందులు వాడుతోంది. పాలిచ్చే రోజులు గనక నెలసరి రాలేదు, గర్భం వచ్చిన సంగతి ఆలస్యంగా తెలిసింది. గర్భస్రావానికి కోర్టు మొదట ఒప్పుకుంది. తర్వాత ఎయిమ్స్ డాక్టరు ఒకరు, బిడ్డ ప్రాణంతో బయటికొచ్చే అవకాశం ఉంది, ముందు గుండె ఆపమంటారా అని అడిగారు. ఇద్దరు న్యాయమూర్తులు రెండు దారులు పట్టారు. అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లీ, గుండె ఆపమని చెప్పడానికి మనస్సాక్షి ఒప్పుకోదన్నారు. జస్టిస్ నాగరత్న ఆ స్త్రీ నిర్ణయానికే విలువ ఇవ్వాలన్నారు. చివరికి ముగ్గురి ధర్మాసనం, గర్భస్రావ చట్టానికి 2021లో తెచ్చిన సవరణ పెట్టిన 24 వారాల గడువు దాటిందని, తల్లి ప్రాణానికి తక్షణ ముప్పు లేదని, బిడ్డలో లోపం లేదని చెప్పి అనుమతి నిరాకరించింది. ఆ 24 వారాలు చట్టసభ గీసిన గీత. స్పృహ అన్న మాట ఆ చట్టంలో ఎక్కడా లేదు.

జవాబుదారీ ఎవరన్న ప్రశ్నకు చట్టాల్లోనే మంచి దారి ఒకటుంది. మన హిందూ వారసత్వ చట్టం, తండ్రి పోయేనాటికి కడుపులో ఉన్న బిడ్డకు కూడా వాటా ఇస్తుంది, ఆ బిడ్డ ప్రాణంతో పుడితే. హక్కు పుట్టాకే చేతికొస్తుంది, లెక్క మాత్రం వెనకటి నుంచి. థాలిడోమైడ్ ఉదంతం తర్వాత బ్రిటన్ 1976లో తెచ్చిన చట్టం హానికి కూడా ఇదే లెక్క కట్టింది. పుట్టకముందు తగిలిన దెబ్బతో వైకల్యం వస్తే, ప్రాణంతో పుట్టిన బిడ్డ దావా వెయ్యవచ్చు. మందుల కంపెనీ మీద, డాక్టరు మీద, తండ్రి మీద కూడా. తల్లి మీద మాత్రం కుదరదు. ఒక్క సందర్భంలో తప్ప: కడుపుతో ఉండగా ఆమె కారు నడుపుతూ ప్రమాదం చేస్తే. అప్పుడు సొమ్ము కట్టేది బీమా కంపెనీ గనక!

శిక్షల చట్టం దారి మాత్రం వేరు. మన భారతీయ న్యాయ సంహితలో 88వ సెక్షన్ గర్భస్రావం గురించి. 1860 నాటి శిక్షాస్మృతిలోని 312వ సెక్షనే ఇలా వచ్చింది. కడుపులో బిడ్డ కదలిక మొదలయ్యాక అయితే శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లకు పెరుగుతుంది. గర్భిణి తనంతట తాను చేసుకున్నా ఈ సెక్షన్ కిందికి వస్తుందని చివర్లో ఒక వివరణ ఉంది. 2023లో చట్టానికి పేరు మార్చారు, సెక్షన్ల అంకెలు మార్చారు. ఆ వివరణను మాత్రం ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టారు. నన్నడిగితే మొదట తీసెయ్యాల్సింది దాన్నే.